ఓడ దిగిన యంత్రము: భారీ నిర్మాణసామగ్రి భూయానముపై సమీక్ష

సముద్రముమీద వేల మైళ్లు వచ్చిన యంత్రమునకు, రేవునుండి పనిస్థలమువఱకు మిగిలిన మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఒక లెక్కలోనివి కావనియు, ఓడ గట్టు చేరుటతోనే దూరభారము తీరిపోయినదనియు, ఇక లారీకెక్కించి తోలుకొనిపోవుటయే తరువాయి యనియు తలచుట ఈ వ్యవహారముతో సంబంధము లేనివారికి సహజము. దీనిలో తలమునుకలై యున్నవారి అనుభవము ఇందుకు సరిగా విరుద్ధము. నీటిదారిలో కల్వర్టు లేదు, కరెంటు తీగ లేదు, రైలు గేటు లేదు, ఊరి నడిబొడ్డున ఇఱుకు మలుపు లేదు. ఓడ ఎంత మోయగలదో అంత బరువును నీరు మాఱుపలుకక మోయును. గట్టెక్కిన మఱుక్షణమునుండి యంత్రమునకు ఎదురగు ప్రతి కట్టడమును, ఇట్టి బరువు ఈ దారిన వచ్చునని కలలోనైన తలపక, ఎవరో ఒకరు తమ కాలమునకు, తమ అవసరమునకు సరిపడునట్లు కట్టుకొన్నదే. కావున ఈ రవాణాలో యంత్రపు బరువుకంటెను, దానిని లాగు ఇంజను బలముకంటెను దారినిగూర్చిన ఎఱుకయే ప్రధానమని నా తలంపు.

ప్రసంగము గాలిలో తేలిపోకుండుటకై మన నేలకు సంబంధించిన యంత్రములనే ఉదాహరణముగా గైకొందము. శ్రీశైలము ఎడమగట్టు కాలువకై 2005లో ఒప్పందము కుదిరిన సొరంగము పొడవు 43.93 కిలోమీటర్లు, పైన పులుల అభయారణ్యము వ్యాపించియుండుటచే నడుమ ఎచ్చటను పక్కదారి తవ్వుటకు వీలులేక, ఇటు దోమలపెంటనుండియు, అటు మన్నెవారిపల్లెనుండియు, 10 మీటర్ల వ్యాసముగల రెండు బోరింగు యంత్రములతో నల్లమలను తొలుచుకొనిపోవలెనని నిర్ణయించిరి. దోర్నాల చేరువనున్న కొత్తూరునుండి వెలిగొండ జంటసొరంగములను తొలుచుటకును ఇట్టి యంత్రములే వచ్చినవి. పోలవరము స్పిల్‌వే మీది 48 గేట్లను ఎత్తి దించుటకు 96 హైడ్రాలిక్ సిలిండర్లు జర్మనీనుండి దిగినవి. 2025 జనవరిలో అచ్చట మరల మొదలిడిన డయాఫ్రం గోడ పనికి వాడిన కట్టర్లును ఆ దేశపు తయారీయే. ఇట్టి సామగ్రి మన సీమకు చేరుటకు విశాఖ, గంగవరము, కాకినాడ, కృష్ణపట్నము, కాదేని చెన్నై రేవులే ద్వారములు. పని జరుగు చోట్లన్నియు కొండలలోనో, నదీలోయలలోనో, రోడ్డు సన్నగిలిపోవు కొసలయందో యున్నవి. అడ్డమెల్ల ఈ రెంటి నడుమనే.

పెద్ద సరకునకు చట్టమునందు కొలత కలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 93వది వాహనపు వెడల్పును 2.6 మీటర్లకు కట్టడి చేసినది. సరకులారీ ఎత్తు మొదట 3.8 మీటర్లు, 2020 సవరణ పిమ్మట 4 మీటర్లు. దీనిని మీఱిన సరకును రవాణావారు ఓడీసీ యందురు. అధికభారముతో పట్టుబడినవానికి 2019 సవరణ ప్రకారము 20,000 రూపాయల జరిమానా, పైబడిన ప్రతి టన్నుకు మఱి 2,000. అయితే ముక్కలు చేయ వీలుకాని సరకునకు మాత్రము ముందుగా అనుమతి పొంది పోవుటకు దారి తెఱచియుంచిరి. ఈ షరతు న్యాయమైనదే. కాని దేనిని విడదీయవచ్చును, దేనిని విడదీయరాదు అనునది చట్టమునకుగాక యంత్రమును చేసినవానికి మాత్రమే తెలిసిన సంగతి. క్రాలర్ క్రేను బూమును జల్లెడవంటి ముక్కలుగా విడదీసి, చిన్నదానిని పెద్దదానిలో దూర్చి పంపవచ్చును; దాని పట్టాలను, బరువుదిమ్మెలను వేఱుచేయవచ్చును; మిగిలిన నడిమి మొండెమే భారము. బోరింగు యంత్రమున కట్టర్ హెడ్డును తునకలుగా చేయుదురుగాని, దానిని త్రిప్పు మెయిన్ బేరింగు సాధారణముగ ఏకఖండము, కొంచెము వంగినను వేల గంటల శ్రమ మట్టిపాలగునంత సున్నితము.

పూర్వము ఇట్టి యంత్రమును కర్మాగారమునందే సంపూర్ణముగ కూర్చి, త్రిప్పి చూచి, మరల విప్పి, ఓడకెక్కించువారు. కెనడాలో నయాగరా సొరంగమునకై 2006లో 14.4 మీటర్ల వ్యాసముగల యంత్రమును మొట్టమొదటిసారిగా పనిస్థలముననే కూర్చినపిమ్మట ఈ ఆచారము సడలినది. మన శ్రీశైలము యంత్రములును ఆ పద్ధతినే ఎడమగట్టు కొండల మొదటనే రూపుదాల్చినవి. దీనివలన నెలల కాలము కలసివచ్చును, సందేహము లేదు. కాని కర్మాగారపు అంగణము చేయవలసిన పనిని అడవి అంచుననున్న ఒక మైదానము చేయవలసివచ్చును గనుక, ఏ భాగము ముందు రావలెనో ఏది వెనుక రావలెనో అను క్రమము తప్పినచో, ఒక్క ట్రెయిలరు ఒక వాగు ఒడ్డున నిలిచిపోయినంతమాత్రమున, పనిస్థలమున నూఱుమంది చేతులు ముడుచుకొని కూర్చుందురు.

రేవులోని వ్యవహారము చూపరులకు గంభీరముగ కానవచ్చునేగాని ఈ యాత్రలో అన్నిటికంటె తేలికైన ఘట్టము అదే. బరువును ఎత్తు క్రేను ఓడమీదనే యుండును, లేదా గట్టున నుండును. కళాసీలకు తమ పని వంశపారంపర్యముగ వచ్చినంత బాగుగా తెలియును. కస్టమ్స్ కాగితములకు ఏజంటులు కలరు. ప్రాజెక్టులకు వచ్చు యంత్రములకు 1986 నాటి ప్రత్యేక దిగుమతి నిబంధనలును కలవు. ఆలస్యమైనచో రుసుములు దినదినమును పెరుగుననుట నిజమే. ఒక్క సంగతి మాత్రము ఇచ్చట చెప్పవలెను. రేవుగట్టున సరకును ట్రెయిలరుమీదికి దించునపుడు దాని గురుత్వకేంద్రము ట్రెయిలరు కేంద్రముతో సరిపడునట్లు పెట్టుట యనునది కంటికొలతతో తేలునది కాదు. అంగుళముల తేడా తరువాతి ఘాటుమలుపున ప్రాణములమీదికి వచ్చును. తయారీదారు యంత్రముమీద రంగుతో వేసి పంపిన గుర్తును తప్ప దేనిని నమ్మని మేస్త్రీలే ఈ పనిలో మిగులుదురు. క్రింద చెక్కదిమ్మెలు, వాని నడుమ జాఱకుండుటకు రబ్బరు, నాలుగు మూలలనుండి ఎదురెదురుగా లాగికట్టిన గొలుసులు. పది కిలోమీటర్లు పోయినపిమ్మట ఆగి ఆ గొలుసులను మరల బిగించుట తప్పని ఆచారము, ఏలయన చెక్క అప్పటికి కొంచెము అణగి, గొలుసు వదులై యుండును.

ఇక ట్రెయిలరు. దీనిని హైడ్రాలిక్ యాక్సిల్ అని పిలుతురు. జర్మనీలోని మెమ్మింగెన్‌కు చెందిన గోల్డ్‌హోఫర్, ఫ్రాన్సుకు చెందిన నికోలాస్ మొదలగువారు దీనిని ప్రపంచమునకు అలవాటు చేసిరి, నేడు మన దేశమునను తయారగుచున్నది. దీని నిర్మాణములోని తెలివిని గ్రహింపనివానికి ఈ సమస్యలో సగము తెలియదు. ఒక్కొక్క వరుసకు ఎనిమిది టైర్లు. ఎన్ని వరుసలు కావలెనో అన్నింటిని ఒకదానివెంట ఒకటి పిన్నులతో కలుపుకొనవచ్చును. ప్రతి యాక్సిలుపైన నూనెతో నిండిన సిలిండరు కలదు; ఈ సిలిండర్లను గొట్టములతో మూడు గాని నాలుగు గాని కూటములుగా కలిపియుంచుటచే, ఒక చక్రము గుంటలో దిగినపుడు దాని సిలిండరు లేచి నిలుచును, దిబ్బ ఎక్కినపుడు అణగును, నూనె ఒకదానినుండి వేఱొకదానికి పాఱి ఎల్ల చక్రములయందును బరువు సమానముగ నిలుచును. కుదురుగా లేని నేలమీద కుక్కిమంచము నాలుగు కోళ్లును ఆనునట్లు చేయుటకు మనము చెక్కముక్క దోపుదుమే, ఆ పనిని ఈ నూనె క్షణక్షణము చేయుచుండునని చెప్పవచ్చును. చక్రములన్నియు తిరుగగలవు గనుక, ఇరువది మీటర్ల బండి తన పొడవునకు తగని మలుపునను దూఱిపోగలదు.

చట్టము వరుసకు 18 టన్నులను అనుమతించినది. పండ్రెండు వరుసలు జతపఱచినచో 96 టైర్లు, 216 టన్నులు. ఇందులో ఇంచుమించు ఐదవ వంతు ట్రెయిలరు సొంత బరువు. ఇచ్చట సామాన్యులు తలక్రిందులుగా అర్థము చేసికొను విషయమొకటి కలదు. వందచక్రముల బండి పోయిన రోడ్డు పిండియైపోవునని ప్రజల ఫిర్యాదు. లెక్క చూడుడు: 18 టన్నులను ఎనిమిది టైర్లకు పంచినచో టైరుకు రెండుంబాతిక టన్నులు. నాలుగు టైర్ల మామూలు లారీ యాక్సిలునకు 2018నుండి అనుమతింపబడిన బరువు 11.5 టన్నులు, అనగా టైరుకు దాదాపు 2.9 టన్నులు. కంకరలారీ యేదైన పరిమితిలో పోయినను, రోడ్డు పైపొరకు ఈ మహాశకటము చేయు హానికంటె ఎక్కువ హాని చేయును. పరిమితిని మించి పోవు ఇసుకలారీల మాట చెప్పనేల! ఊరిరోడ్డు చెడినదని ఓడీసీ బండిని అడ్డగించి నిలుపు నాయకులు, ప్రతి రాత్రియు పోవు టిప్పర్లను చూడనట్లు నటింతురు.

వంతెన మాట వేఱు. రోడ్డు టైరు బరువును చూచును. వంతెన మొత్తము బరువును చూచును. పైపొరను కాపాడుటకై చక్రములను ఎంత విరివిగా పఱచినను, ఆ చక్రములన్నియు ఒకే కమానుమీద నిలిచియున్నపుడు అది మోయవలసినది 216 టన్నులనే. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు వంతెనలకు విధించిన కొలతలు ఈ వైషమ్యమును తేటపఱచును. చాల కాలము సామాన్యముగ వాడిన క్లాస్ ఏ యను లారీల వరుస మొత్తము బరువు 55.4 టన్నులు. జాతీయ రహదారులకు వాడు 70 ఆర్ చక్రవాహనము 13.4 మీటర్ల నిడివిలో 100 టన్నులు. ఇటీవలి నిబంధనలలో ప్రత్యేకవాహనమను పేర 385 టన్నుల లెక్కను చేర్చి, అది వంతెన నడిమిగీతనుండి ఇంచుమించు తొలగక, గంటకు 5 కిలోమీటర్లకు మించని వేగమున, వేఱు వాహనమేదియు వంతెనపై లేని సమయమున పోవలెనని విధించిరి. ఈ షరతులలో ప్రతిదానికి కారణము కలదు. ఒక అంచునకు జరిగినచో ఆ వైపు దూలమే అధికభాగము మోయును. వేగము హెచ్చినచో కుదుపు బరువునకు తోడగును. వంతెనమీద బ్రేకు వేసినచో ఆ తోపు స్తంభముల తలలను పక్కకు నెట్టును. కావున వంతెన ఎక్కినపిమ్మట ఆగరాదు, గేరు మార్చరాదు. ముందునుండి లాగు ఇంజనుబండియైన పుల్లరు డ్రైవరు, వెనుక పుల్లరు డ్రైవరు వైర్‌లెస్సులో ఒకరి శ్వాస నొకరు వినుచున్నట్లే నడుపుదురు.

ఈ షరతులను పుస్తకమున చదువుట వేఱు, పాటించుట వేఱు. 2022 ఏప్రిలులో మధ్యప్రదేశమున సుఖ్తవా నదిమీది బ్రిటిషు కాలపు వంతెన, హైదరాబాదునుండి ఇటార్సీ పవర్ గ్రిడ్డునకు భారీ యంత్రమును గొనిపోవుచున్న 138 చక్రముల ట్రెయిలరు నడుమనుండగా కూలిపోయినది. నూటయేబది యేండ్లకు పైబడిన ఆ కట్టడమును కట్టిన ఇంజనీరులు ఎడ్లబండ్లను, మహా అయినచో ఫిరంగులను లెక్కించియుందురు. ఆ కట్టడము నాటివఱకు నిలిచియుండుటయే దాని బలమునకు సాక్ష్యమని నమ్ముట మనవారికి పరిపాటి. కాని నిన్నటి బరువును మోసినదనుట నేటి బరువునకు హామీ కాదు.

వంతెన చాలదని తేలినపుడు ఏమి చేయుదురు? వాగు ఎండియున్నచో ప్రక్కనే హ్యూంపైపులు పఱచి, మట్టి, కంకర పోసి తాత్కాలికపు దారి వేయుట అన్నిటికంటె సులువు. మాఘమునుండి వైశాఖమువఱకు మన సీమలోని వాగులు ఇందుకు అనుకూలములు. జ్యేష్ఠము దాటి తొలకరి పడినదా, ఆ దారి ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోవును. కావున ఐరోపాలో ఓడ నెల ఆలస్యముగ బయలుదేరినచో నల్లమల చేరువన పని ఆఱు నెలలు వెనుకబడుట వింత కాదు. నీరున్నచోట కల్వర్టుకు అడుగున రైలుస్లీపర్లను పేర్చి ఊతమిత్తురు. అదియు సాధ్యము కానిచో కల్వర్టుకు ఇరువైపుల గట్టినేలమీద ఆనునట్లు ఇనుపదూలములను వేసి, వంతెనపైన వంతెనగా దాటింతురు.

ఇట్టి దాటింపును దగ్గఱనుండి చూచినవానికి దీనిలోని ఓర్పు తెలియును. రెండు కిలోమీటర్ల ఈవలనే వాహనములను ఆపివేయుదురు. ట్రెయిలరు ప్రక్కన నడచు మనిషి మెడలో తాడుతో వ్రేలాడు రిమోటు పెట్టెమీద బొటనవ్రేలు ఆనించి, ఒక కన్ను చక్రములమీదను, మఱియొక కన్ను ట్రెయిలరునకు కట్టిన రసమట్టముమీదను నిలిపి, ఎడమవైపు నేల పల్లమైనకొలది ఆవైపు సిలిండర్లను వ్రేలెడేసి లేపుచు పోవును. ముందున్నవాడు వెనుకకు నడచుచు, రెండు చేతులతో సైగచేయును. నలుబది అడుగుల కల్వర్టు దాటుటకు పావుగంట. ఆవలిగట్టు చేరినపిమ్మట ఎవరును చప్పట్లు కొట్టరు; క్లీనరు టైర్లన్నిటిని సుత్తితో తట్టి చప్పుడు విని, గాలి తగ్గిన దానికి సుద్దతో గుర్తు పెట్టును.

బరువు సంగతి ఇట్లుండగా, ఎత్తు సంగతి ఇంతకంటె చికాకు. ట్రెయిలరు బల్ల నేలకు మీటరు పైచిలుకు ఎత్తున నుండును. దానిమీద నాలుగున్నర మీటర్ల సరకు నిలిపినచో మొత్తము ఐదున్నర దాటును. రహదారిమీది ఫ్లైఓవర్ల క్రింద 5.5 మీటర్ల ఖాళీ యుండవలెనని నియమము కలదుగాని, తారు మీద తారు వేసి రోడ్డు ఎత్తు పెంచుటచే ఆ ఖాళీ ఏటేట తగ్గిపోవును. అట్టి చోట్ల హైడ్రాలిక్కులను అడుగంట దించి, నాలుగు అంగుళముల సందుతో తాబేలువలె దూఱిపోవలసివచ్చును. తక్కువవోల్టేజి తీగలు వీథిని దాటునపుడు 5.8 మీటర్లు, 11 కేవీ తీగలు 6.1 మీటర్లు ఎత్తుండవలెనని విద్యుత్తు నిబంధన. వేసవిలో తీగ సాగి వ్రేలాడును. కావున లైన్‌మన్‌ను పిలిపించి, లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసికొని, కరెంటు ఆపిన తరువాతనే పోవలెను. ఈ తీగలకైన ఒక యజమాని కలడు. టీవీ కేబులునకు, ఇంటర్నెట్టు తీగకు యజమాని యెవరో ఆ ఊరివారికే తెలియదు. సరకుమీద కూర్చున్న కుఱ్ఱవాడు ఎండువెదురు గెడతో వానిని ఒక్కొక్కటిగా ఎత్తి వెనుకకు దాటించుచుండును. తెగినచో ఊరంతయు రోడ్డెక్కును.

మన తీరప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. హౌరా–చెన్నై రైలుమార్గము తూర్పుకోస్తాను పట్టుకొని విశాఖనుండి గూడూరువఱకు సముద్రమునకు ఇంచుమించు సమాంతరముగ సాగును. రేవులన్నియు దానికి తూర్పున, ప్రాజెక్టులన్నియు దానికి పడమట. కావున పడమటికి పోవు ప్రతి పెద్ద సరకును ఎచ్చటనో ఒకచోట ఈ రైలుదారిని దాటక తప్పదు. పైవంతెనమీదుగా పోయినచో బరువు చిక్కు. గేటు దారిని పోయినచో ఎత్తు చిక్కు. విద్యుద్దీకరించిన మార్గమున గేటునకు ఇరువైపుల 4.67 మీటర్ల ఎత్తున అడ్డుకమ్మి యుండును, దానికిపైన 25 వేల వోల్టుల తీగ యుండును. రైల్వేవారు రైళ్లను నిలిపి, కరెంటు ఆపి, కమ్మిని తొలగింపజేసి, కొద్ది నిమిషముల వ్యవధి యిత్తురు. ఆ నిమిషములకై దరఖాస్తు పెట్టి వారములు నిరీక్షింపవలెను. ఇప్పుడు గేట్లను తీసివేసి, వాని స్థానమున తక్కువ ఎత్తుగల సబ్‌వేలను కట్టుచున్నారు. ప్రాణరక్షణకు అది మేలే, కాదనరాదు. కాని పల్లెటూరి గేటుతోబాటు పెద్ద సరకు పడమటికి దాటు సందు ఒకటి శాశ్వతముగ మూసికొనిపోవుచున్నదని గమనించినవారు లేరు.

పట్టణములలోని అడ్డంకులను గూర్చి వ్రాయునపుడు కొంచెము నవ్వు రాకమానదు. ప్రతి నాలుగు రోడ్ల కూడలిలో ఒక నాయకుని విగ్రహము, దాని చుట్టును గుండ్రని గట్టు, ఇనుపకటకటాలు. ప్రతి ఊరి మొదట దేవాలయముపేరనో, దాతపేరనో ఒక సిమెంటు ఆర్చి. ఇనుపకటకటాలను విప్పి, గట్టును పగులగొట్టి, తరువాత కట్టించి యిచ్చెదమని వ్రాసియిచ్చినచో మునిసిపాలిటీవారు ఒప్పుకొందురు. విగ్రహమును కదల్చుటకు మాత్రము ఏ అధికారియు సంతకము చేయడు. తత్ఫలితముగ, రెండు వందల టన్నుల యంత్రము, విగ్రహపు చేయి చూపుచున్న దిక్కునకు పోలేక, పది కిలోమీటర్లు చుట్టుకొని పోవును.

అనుమతుల వరుస చూడుడు. జాతీయ రహదారికి కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ, రాష్ట్రరహదారికి ఆర్ అండ్ బి శాఖ, పల్లెరోడ్డుకు పంచాయతీరాజ్, తీగలకు డిస్కమ్, గేటునకు రైల్వే డివిజను, ఊరికి మునిసిపాలిటీ, బందోబస్తునకు పోలీసు, కొండకు అటవీశాఖ. వీరిలో ఏ ఒక్కరును అనవసరముగ ఉన్నవారు కారు. పట్నములలో ట్రాఫిక్కు చల్లబడిన పిమ్మట రాత్రియే కదలవలెనని పోలీసువారందురు. నల్లమలలో మన్ననూరు దాటి పోవు ఘాటుదారికి అటవీశాఖవారు రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు గేటు మూయుదురు, వన్యమృగముల క్షేమమునకు అది ఆవశ్యకము. రెండు ఆజ్ఞలును న్యాయమైనవే; రెంటికిని లోబడవలసిన ట్రెయిలరు మాత్రము ఊరు దాటి, అడవి అంచున, తెల్లవారువఱకు కాచుకొనియుండును. టోల్‌గేటువారి పట్టికలో ఏడు గాని అంతకు మించి గాని యాక్సిళ్లుగల వాహనమునకు ఒక ప్రత్యేకపు తరగతి, వెడల్పైన ఒక దారి కలవు. మొత్తము వ్యవస్థలో ఈ బండి వచ్చునని ముందుగా ఊహించి కట్టినది ఆ రుసుము వసూలు చేయు గేటు ఒక్కటే యేమో!

ఘాటుదారి గుఱించి కొద్దిగా. దోర్నాలనుండి గాని, మన్ననూరునుండి గాని కొండ యెక్కు మలుపులలో ట్రెయిలరు తోక దానంతట అది తిరుగదు. వెనుక నొక మనిషి స్టీరింగును వేఱుగా త్రిప్పుచు, ముందు పుల్లరు లోపలివైపునకు, తోక వెలుపలివైపునకు పోవునట్లు, ముందుకు వెనుకకు జరుపుచు దాటించును. దిగునపుడు భయము హెచ్చు. వెనుక పుల్లరు లాగి పట్టుకొననిచో బ్రేకులు కాగి పనిచేయకపోవును. దూరమునుబట్టి కిరాయి కట్టు మామూలు లారీ లెక్క ఇచ్చట చెల్లదు. చివరి నలుబది కిలోమీటర్లు మొదటి మూడు వందలకంటె ఎక్కువ దినములు తీసికొనుటయు కలదు.

ఇంత కష్టమేల, వేఱు మార్గము లేదా యని ప్రశ్నింపవచ్చును. రైలు ఉన్నది, కాని బ్రాడ్‌గేజి బండి వెడల్పు 3.25 మీటర్లు, దానిని మించినకొలది రైల్వేవారి ఆంక్షలును పెరుగును, కొంత మేరకు మించినదానికి దారియే లేదు. నీరు ఉన్నది. కాటన్ దొర ఆనకట్టలు కట్టిననాడు కాలువలు పంటకేగాక పడవలకును ఉపయోగపడవలెనని ఆశించెను. బకింగుహాము కాలువమీద ఉప్పు, కట్టె, ధాన్యము చిరకాలము నడిచినవి. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల కాలువలను గోదావరీకృష్ణల భాగములతో చేర్చి, 1,078 కిలోమీటర్ల నాలుగవ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. కాగితముమీద ఇది యెంతయో మనోహరము. కాని లాకులు పాతకాలపు పడవలకు సరిపడినవి, కాలువమీది వంతెనలు చేతికందునంత ఎత్తున నున్నవి. భారీ యంత్రముల విషయమున జలమార్గమును సమాధానముగ చెప్పువారు ఒక్కసారి ఆ కాలువగట్టున నడచిరావలెనని నా మనవి.

ఫ్రాన్సులో వేఱు విధముగ చేసిరి. కదరాష్ వద్ద అంతర్జాతీయముగ నిర్మించుచున్న ఇటెర్ సంలయన యంత్రమునకు కావలసిన భాగములను బెర్ సరస్సు ఒడ్డునుండి పనిస్థలమునకు చేర్చుటకై 104 కిలోమీటర్ల దారిని ముందుగానే ఏర్పఱచి, వంతెనలను బలపఱచి, కూడళ్లను వెడల్పుచేసి, కాంక్రీటు దిమ్మెలతో నమూనాయాత్ర నడిపి చూచి, ఆ తరువాతనే అసలు సరకును ఎక్కించిరి. ఆ సరకులో గుజరాతులోని హజీరాలో తయారైన మహాపాత్రపు భాగములును కలవు. అట్టిది మనకు సాధ్యమా? ఆ దారి ఒకే గమ్యమునకు, యేండ్ల తరబడి, వందలకొలది సరకులకై వేసినది. మనకు నేడు పోలవరము, రేపు మఱియొకటి. ప్రతిదానికి అట్టి రాజమార్గమును వేయుమనుట ధనమును మన్నుపాలు చేయుమనుటయే. మన స్థితికి తగినది దారి కాదు, దారిలెక్క.

దీనిని వివరించవలెను. సరకు కదలుటకు నెలల ముందు, రవాణాగుత్తేదారు పంపిన సర్వేమనిషి ఒక జీపులో, ఎత్తు కొలుచు గెడతో, టేపుతో, ఫొటోలు తీయుచు, రేవునుండి పనిస్థలమువఱకు దారియంతయు చూచి వచ్చును. ఏ కిలోమీటరురాయి వద్ద ఏ కల్వర్టు, దాని పొడవెంత, ఏ తీగ ఎంత ఎత్తు, ఏ చెట్టుకొమ్మ నఱకవలెను, ఏ మలుపున ఎవరి ప్రహరీ అడ్డము, ఇవన్నియు అతని పుస్తకములో నుండును. జాతీయ రహదారులమీద బలహీనమైన వంతెనల జాబితా కేంద్రశాఖవారికి కలదు, అనుమతి యిచ్చునపుడు దానిని చూతురు. రాష్ట్రరహదారికి, జిల్లారోడ్డుకు దిగినపిమ్మట ఆ పుస్తకమే ప్రమాణము. సరకు గమ్యము చేరి, బిల్లు మంజూరైన దినముననే ఆ పుస్తకమునకు విలువ పోవును. మూడేండ్లకు అదే దారిన వేఱొక గుత్తేదారు వేఱొక యంత్రమును తెచ్చునపుడు, అతని మనిషియు అదే గెడతో అదే తీగను మరల కొలుచును. ఊతమిచ్చి దాటించిన కల్వర్టు ఏదో, ఇవ్వకయే దాటించినది ఏదో చెప్పువాడు లేడు.

యంత్రములు ఒక్కసారి వచ్చి ఊరకుండవు. శ్రీశైలము సొరంగమును 2009 అక్టోబరు వఱదలు ముంచి యంత్రమును నీటిపాలు చేసినవి. 2025 ఫిబ్రవరి 22న లోపలి కప్పు కూలి ఎనమండుగురు చిక్కుకొనినపుడు, వారికై దారి చేయుటకు ఆ యంత్రపు భాగములనే కోసి తొలగింపవలసివచ్చినది. ఇరువది యేండ్లు సాగు పనికి బేరింగులు, మోటార్లు, కొత్త యంత్రములు పదేపదే అదే కొండ యెక్కవలసియుండును. అట్టిచోట మొదటి యాత్రకు చేసిన సర్వేను గుత్తేదారు సొత్తుగ విడుచుట వివేకము కాదు.

నేను కోరునది పెద్ద ధనవ్యయమున్న పని కాదు. ఓడీసీ అనుమతి యిచ్చునపుడే ఆర్ అండ్ బి శాఖవారు, సర్వే ప్రతిని తమకు దాఖలు చేయవలెననియు, యాత్ర ముగిసిన నెలలోపల ఏ కట్టడమును ఎంత బరువుతో, ఏ ఊతముతో, ఏ తేదీన దాటినదో వ్రాసియివ్వవలెననియు షరతు పెట్టవచ్చును. డివిజనువారీగ ఒక రిజిస్టరు తెఱచి, కల్వర్టునకొక పుట కేటాయించి, జూనియర్ ఇంజనీరుచేత ఏటేట సరిచూపవచ్చును. రైల్వేవారు గేటు నెత్తివేయుటకు ముందు ఆ రిజిస్టరును చూచి అభిప్రాయము చెప్పునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఇందుకు గుత్తేదారులు మొదట సణుగుదురు, ఏలయన ఇతరులకు తెలియని దారి తమకు తెలిసియుండుటయే వారి వ్యాపారములో సగము పెట్టుబడి. ఏజంట్లును సణుగుదురు. వంతెన బలహీనమని పుస్తకమున వ్రాసినచో బాగుచేయించవలసి వచ్చునని శాఖలోనివారే కొందఱు వెనుకాడుదురు. ఈ మూడవ అభ్యంతరమే అన్నిటికంటె గట్టిది, దానిని దాటించుటకు మాత్రము హైడ్రాలిక్ యాక్సిళ్లు చాలవు.